రంగం నుంచి వచ్చిన గిటారు

గోపాల్‌పూర్‌లో ఓడల ఏజెంటు ఆఫీసులో నాకు గుమాస్తా పని దొరికిన ఏడాదే మా మావ రంగం నుంచి తిరిగి వచ్చేశాడు. రంగూన్‌ని మా వైపు అందరూ రంగం అనే పిలిచేవారు. గంజాం జిల్లా అప్పటికింకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. రంగం ఓడ మా ఊరి ముందు సముద్రంలో దూరంగా లంగరు వేసేది. మనుషుల్నీ మూటల్నీ ఒడ్డుకి చేరవేసేది మా కులంవాళ్ళ పడవలే. అలా దిగినవాళ్ళ పేర్లు రాసుకోవడం నా పని. ఆ రోజు రాస్తూ రాస్తూ తల ఎత్తేసరికి ఎదురుగా మావ ఉన్నాడు. పంచె మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. ఎడమ చేతికి గుడ్డ చుట్టి ఉంది. కుడి భుజం మీద, నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు, దుప్పటి చుట్టిన పొడవాటి వస్తువేదో ఉంది.

"నా పేరు కూడా రాసుకోవేటిరా అల్లుడూ?" అని నవ్వాడు.

మావ మా అమ్మకి తమ్ముడు. అమ్మని అప్పా అని పిలిచేవాడు. వాళ్ళ అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే అమ్మే అతన్ని పెంచింది. పెళ్ళయి, ఒక కూతురు పుట్టి, భార్య పోయాక రంగం వెళ్ళి పదకొండేళ్ళు ఒక బియ్యం మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లులోనే యంత్రం పట్టాలో ఎడమ చెయ్యి పడి రెండు వేళ్ళు పోయాయి. మిల్లువాళ్ళు ఓడ టిక్కెట్టు చేతిలో పెట్టి పంపేశారు. కూతురికి గిరిసోలలో పెళ్ళయిపోయింది. అందుకని మా ఇంటికే వచ్చాడు.

ఆ సాయంత్రం అమ్మ ముందు దుప్పటి విప్పాడు. అందులో ఉన్నది గిటారు. రంగంలో అతనితో ఒకే గదిలో ఉన్న ఓడ వంటవాడొకడు దాన్ని వాయించడం నేర్పాడట. ఆ వంటవాడు వేరే ఓడెక్కి వెళ్ళిపోతూ దాన్ని మావకి ఇచ్చేశాడు. ముంజేయి ఆనేచోట చెక్క రంగు పోయి నల్లగా నునుపెక్కింది. పొట్ట మీద జానెడు చీలికని లక్కతో పూడ్చారు. తీగెలు బిగించే ఆరు బిరడాల్లో ఒకటి విరిగిపోతే మావ కొమ్ముతో చెక్కి ఇంకొకటి పెట్టుకున్నాడు.

"ఇది నీకేరా అల్లుడూ. నా సెయ్యి ఇంక దీనికి పనికి రాదు" అన్నాడు.

మా నాన్న పోయాక కూడా అమ్మ ఎండుచేపల వ్యాపారం మానలేదు. ఇంట్లో దూలాలకి ఎప్పుడూ చేపల బుట్టలు వేలాడుతుండేవి. వాటి పక్కనే గిటారుకీ ఒక కొక్కెం దొరికింది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే మావ దాన్ని దించేవాడు. ఇద్దరం అరుగు మీద ఒకరి పక్కన ఒకరం ఆనుకుని కూర్చునేవాళ్ళం. "నువ్వు నొక్కు, నాను మీటతాను" అనేవాడు. నా ఎడమ చెయ్యి మెట్ల మీద, అతని కుడి చెయ్యి తీగెల మీద. నేను తప్పు మెట్టు నొక్కితే అతని వేళ్ళు ఠక్కున ఆగిపోయేవి. మా పడవలవాళ్ళు తెడ్లు వేస్తూ పాడుకునే పాటలన్నీ అతను ఆ విదేశీ వాయిద్యం మీద పలికించేవాడు. "ఇద్దరూ కలిపితే ఒక మనిసి" అని అమ్మ నవ్వేది.

ఆ రోజులు అలాగే సాగి ఉంటే బాగుండేది. సాగనివ్వనిది నేనే.

సముద్రం ఒడ్డున దొరల హోటలు ఒకటి ఉండేది. ఓడ ఎప్పుడొచ్చేదీ తెలిపే కాగితాలు అక్కడ ఇచ్చి రావడం కూడా నా పనే. ఆ హోటల్లో గిటారు వాయించడానికి గోవా మనిషి ఒకాయన ఉండేవాడు. యాభై దాటినవాడు, తెల్ల సూటు వేసుకునేవాడు, మాట నెమ్మది. ఒకసారి ఆయన వాయిస్తుంటే నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. అది గమనించి పిలిచి మాట్లాడాడు. నాకు మిషన్ స్కూలు ఇంగ్లీషు వచ్చు కాబట్టి మాట కలిసింది. ఆదివారం పొద్దున ప్రార్థన అయిపోయాక వస్తే హోటలు వెనక వసారాలో నేర్పుతానన్నాడు. డబ్బు తీసుకోనన్నాడు.

మొదటి ఆదివారమే మీ ఇంటివాళ్ళు ఏం చేస్తారని అడిగాడు.

ఆ హోటల్లో మా వాళ్ళు కూడా పనిచేసేవారు. ఒడియావాళ్ళూ దొరలూ మమ్మల్ని నోలియాలనేవారు. దొరలు సముద్రంలో స్నానానికి దిగితే చెయ్యి పట్టుకుని అలలు దాటించడం, పడుచు దొరసానుల తువ్వాళ్ళు మొయ్యడం నోలియాల పని. వాళ్ళు హోటలు మెట్లెక్కకూడదు. నేను కోటూ బూట్లూ వేసుకుని ఆ మెట్ల మీదే నిలబడి ఉన్నాను.

"మాది పాత్రపూర్ వైపు. పొలాలున్నాయి" అన్నాను.

పాత్రపూర్‌లో మాకు గడ్డిపరక కూడా లేదు. ఆ మాట ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు. ఆయన కూడా పట్టించుకోలేదు. సరే, కూర్చో, అన్నాడు. ఆయన దృష్టిలో నేనెవరైనా ఒకటే అయి ఉంటుంది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళకి గాని తట్టలేదు.

రెండు మూడు నెలలు గడిచాక, ఇక నీకు సొంత గిటారు ఉండాలి అన్నాడాయన. అప్పటికే నా మనసులో ఒకటి ఉంది. ఆఫీసు పని మీద బరంపురం వెళ్ళినప్పుడు పెద్దబజారులో హార్మోనియాలు అమ్మే కొట్లో చూశాను. కలకత్తా నుంచి ఒక్కటే వచ్చిందట. లేత పసుపు చెక్క, అంచు చుట్టూ సన్నని నల్ల గీత, మెట్ల మధ్య ముత్యపుచిప్ప చుక్కలు. దగ్గరికి వంగితే కొత్త వార్నిషు వాసన. ఆ వాసన కోసమే నేను రెండుసార్లు ఆ కొట్టుకి వెళ్ళాను. మా ఇంట్లో ఏ వస్తువుకైనా ఉండేది ఎండుచేపల వాసన ఒక్కటే. మావ గిటారుకి కూడా అదే పట్టేసింది. దాన్ని ఒళ్ళో పెట్టుకున్న ప్రతిసారీ నాకు ముందుగా ఆ వాసనే తగిలేది.

కొత్తది కొందామనుకుంటున్నానని ఇంట్లో చెబితే అమ్మ ఆశ్చర్యపోయింది. "ఇంట్లో ఒకటి ఉండగా ఇంకోటేలరా?" అంది. మావ మాత్రం, "సూడనీ అప్పా. కుర్రోడికి కొత్తదాని మీద మోజుంటాది. రెండూ పక్కపక్కన పెట్టి వాయిస్తే ఆడికే తెలుస్తాది" అన్నాడు.

గోవా ఆయన కూడా అదే చెప్పాడు. నాకొక పాత గిటారు కూడా దొరికేలా ఉందని, ఎవరిదో చెప్పకుండా, ఆయనతో అన్నాను. "రెండూ తీసుకురా. కంటితో కొనకు, నేను విని చెబుతాను" అన్నాడు. హోటల్లో ఆయన రెండూ విని చెబుతానన్నాడని ఇంట్లో చెప్పాను.

కొట్టు యజమానికి మా ఆఫీసు తెలుసు. ఆ నమ్మకం మీద కొత్త గిటారుని రెండు రోజులకి నా చేతికిచ్చాడు. ఆదివారం పొద్దున్నే దాన్ని పట్టుకుని బయల్దేరాను. మావ గిటారు తియ్యబోతే కొక్కెం ఖాళీగా ఉంది. హోటల్లో ఆయనకి బాగా వినిపించాలని మావ దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి తీగెలు మారుస్తున్నాడని అమ్మ చెప్పింది. నేను పెరట్లోకి వెళ్ళలేదు. "పాతది వచ్చే వారం పట్టుకెళ్తానని చెప్పు" అని గబగబా గుమ్మం దిగాను. లోపల ఎక్కడో తేలికైంది. హోటలు వసారాలో ఆ నల్లటి గిటారుని దుప్పటి విప్పి చూపించే పని తప్పింది.

గోవా ఆయన కొత్తదాన్ని చాలాసేపు వాయించి చూశాడు. ప్రతి మెట్టూ నొక్కాడు, పొట్ట మీద గోటితో తట్టాడు. "మంచిదే" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే వెనక గేటు తీసుకుని మావ లోపలికి వచ్చాడు.

తెల్లారకముందు ఎవరికో సాయంగా పడవ మీద వెళ్ళి వచ్చిన వేషంలోనే, ఒడ్డెమ్మట నడిచి వచ్చినట్టున్నాడు. నెత్తిన వెదురు టోపీ ఉంది. పంచె పైకి బిగించి కట్టాడు. కాళ్ళకి పిక్కల దాకా తడి ఇసుక. ఆ దుప్పటి మూట గుండెకి హత్తుకుని ఉంది. రెండు గిటార్లు ఒక్కణ్ణీ మొయ్యలేక నేను పాతది వదిలి వచ్చానని అనుకున్నాడు, అంతే. మెట్ల కింద ఆగి, టోపీ తీసి, నన్ను చూసి మొహమంతా నవ్వాడు. పిలవబోతున్నాడు. ఆ పిలుపు నాకు ముందే వినిపించింది.

"ఎవరతను?" అని గోవా ఆయన అడిగాడు.

నేను ఇంగ్లీషులో చెప్పాను. పాత సామాన్లు అమ్ముకునే మనిషి అన్నాను. నేను చెప్పిన పాత గిటారు ఇతని దగ్గర ఉన్నదే, తెమ్మన్నాను, అన్నాను.

మావకి ఇంగ్లీషు రాదని నా ధైర్యం. పదకొండేళ్ళు దొరల మిల్లులో పనిచేసినవాడికి ఆపాటి మాటలు తెలియవా అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మావ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. నా మొహం చూశాడు, నా బూట్లు చూశాడు, కొత్త గిటారు చూశాడు. తర్వాత తల వంచి, ఎవరో పరాయివాడితో అన్నట్టు అన్నాడు:

"తెమ్మన్నారు గదా బాబుగోరూ. తెచ్చినాను."

ఆ గొంతులో కోపం లేదు. ఎత్తిపొడుపు కూడా లేదు. నాకు అవసరమైన మాటని అతనే వెతికి నా చేతికి అందించాడు. నేను అందుకున్నాను.

మెట్ల మీద గిటారు పెట్టి అతను వెనక్కి జరిగాడు. గోవా ఆయన దాన్ని ఒళ్ళోకి తీసుకుని, చీలికని వేలితో తడిమి, మీటాడు. మళ్ళీ మీటాడు. తర్వాత మా ఇద్దరినీ మర్చిపోయినట్టు కళ్ళు మూసుకుని వాయిస్తూ ఉండిపోయాడు. వంటింటి పనివాళ్ళు ఇద్దరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మావ ఆయన చేతులకేసే చూస్తున్నాడు. మిగిలిన మూడు వేళ్ళూ పంచె మీద ఆయనతో పాటు కదులుతున్నాయి.

వాయించడం ఆపి ఆయన నాతో అన్నాడు. "నీకు కొత్తదే నయం. దీని మెడ కొంచెం వంగింది. పైమెట్లలో తీగెలు ఎత్తుగా ఉన్నాయి. నేర్చుకునేవాడి వేళ్ళు పుండ్లు పడతాయి." ఆగి, గిటారు మీద చెయ్యి వేసి, "కానీ నాలాంటివాడికి ఇది కావాలి. ఎవరో దీన్ని చాలా ప్రేమగా వాయించారు. అమ్ముతాడేమో అడుగు" అన్నాడు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఇది అమ్మేది కాదండీ, ఇతను మా మావ, అనడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు. మావ వైపు తిరిగి, "ఈయన కొంటానంటున్నారు" అన్నాను. మావ నా కళ్ళలోకి చూశాడు.

"నన్నేటి సెప్పమంటారు బాబుగోరూ?" అని అడిగాడు.

అది నటన కాదు. నిజంగానే అడిగాడు. నేను ఒద్దంటే ఒద్దనేవాడు. నేను, "నీ ఇష్టం" అన్నాను.

మావ కాసేపు ఇసుక కేసి చూసి, సాయెబుగారు ఏమిస్తే అదే, అని తనకొచ్చిన హిందుస్తానీలో ఆయనకే చెప్పాడు. ఆయన లోపలికి వెళ్ళి నోట్లు తెచ్చి ఇచ్చాడు. మావ వాటిని లెక్కపెట్టకుండా రొంటిన దోపాడు. వెళ్ళేముందు కొమ్ము బిరడాని చూపించి నాతో అన్నాడు. "ఇది వానాకాలం తేమకి జారిపోద్ది. సుద్దముక్క రాస్తే నిలబడతాది. ఆయనతో సెప్పండి." నేను చెప్పాను. మావ ఆయనకి సలాం చేశాడు. తర్వాత నాకూ చేశాడు.

అతను గేటు దాటి వెళ్ళాక కూడా నేను లేవలేదు. ఆ రోజు పాఠం గంటసేపు సాగింది. కొత్త మెట్ల మీద వేళ్ళు ఎలా పెట్టాలో ఆయన ఓపిగ్గా చూపించాడు. నేను బుద్ధిగా నేర్చుకున్నాను.

మధ్యాహ్నం భోజనానికి మావ ఇంటికి రాలేదు. పొద్దు వాలాక వచ్చాడు. చంకలో చీర ఉంది, అమ్మకి తెచ్చాడు.

"గిటారేదిరా?" అంది అమ్మ.

"అమ్మీసినాను అప్పా. ఓ సాయెబు అడిగితే ఇచ్చీసినాను."

అమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మండిపడింది. "నా కొడుక్కిస్తానని నోటితో అని, డబ్బు కంటబడేసరికి ఎవడికో అమ్ముకున్నావేటి? రంగమెల్లి నేర్సుకొచ్చింది ఇదేనేటి? నిన్ను సంకన మోసి పెంచినాను గదరా!" ఆ చీరని వీధిలోకి విసిరేసింది. మావ వెళ్ళి తీసి, దులిపి, మడతపెట్టి అరుగు మీద ఉంచాడు. నాకేసి చూడలేదు. నా కంచంలో అన్నం ఉంది. నేను తల వంచుకుని తింటున్నాను. తిన్నానని నాకు గుర్తుంది. అది మర్చిపోవాలని చాలాసార్లు అనుకున్నాను.

అమ్మ కోపం ఇంట్లో ఆగలేదు. మా వీధిలో ఇంటింటా చెప్పుకుంది, తమ్ముడు మాట తప్పాడని. చేపలు ఎండబెట్టేచోట ఆడవాళ్ళు ఆ ముచ్చటే చెప్పుకునేవారు. మావ ఎదురుపడితే మొగవాళ్ళు నవ్వేవారు. నెల తిరక్కుండానే మావ, కూతురు రమ్మంటోందని చెప్పి గిరిసోల వెళ్ళిపోయాడు. అమ్మ గుమ్మం దాకా కూడా రాలేదు. నేను కొంతదూరం మూట పట్టుకుని నడిచాను. దారిలో చెబుదామనుకుని, చెప్పలేదు. నా మొహం చూసి అతనే, "కొత్తది బాగా పలుకుతోందేటి?" అని అడిగాడు.

బాగానే పలికేది. ఆ మాట నిజాయితీగా చెప్పాలి. అది మంచి వాయిద్యమే. గోవా ఆయన ఎంపికలో తప్పు లేదు. నేను దాన్ని చాలా ఏళ్ళు ఉంచుకున్నాను. మరీ గొప్పగా కాకపోయినా నలుగురిలో వాయించగలిగాను. కానీ పడవ పాటలు దాని మీద ఒక్కసారి కూడా వాయించలేదు. గోవా ఆయన పై ఏడాది కలకత్తా వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు, "ఆ పాత సామాన్లతను మళ్ళీ కనిపించాడా? ఆ గిటారు ఎవరు వాయించేవారో తెలుసుకోవాలని ఉంది" అన్నాడు. కనిపించలేదని చెప్పాను.

మావ గిరిసోల స్టేషన్లో శనగలు వేయించి అమ్మేవాడు. ఆఫీసు పని మీద నేను ఆ దారిన రైల్లో వెళ్తుండేవాణ్ణి. ఎన్నిసార్లు అవతలి కిటికీ వైపు కూర్చున్నానో చెప్పలేను. ఒకసారి మాత్రం దిగాను. మావ బాగా చిక్కిపోయాడు. నన్ను చూడగానే పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

"మావా, ఆ రోజు హోటల్లో..." అన్నాను.

"ఆ ఇసయం ఇప్పుడేలరా? రైలు కదిలిపోద్ది, ఎక్కు" అన్నాడు.

"నేనలా చెప్పకుండా ఉండాల్సింది."

మావ శనగల బుట్ట సర్దుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "నువ్వు సెప్పింది నాకేటి కట్టం కాదురా. మా అప్ప నాతో మాట్టాడ్డం మానీసింది, అదొక్కటే కట్టం."

రైలు కూత వేసింది. ఎక్కేశాను. అమ్మకి చెప్పమని అతను అడగలేదు. అడక్కపోయినా చెప్పాల్సిన మాటేమిటో నాకు తెలియకపోలేదు. ఇంటికొచ్చాను. అమ్మ చేపలు ఏరుతోంది. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపటిని నాలుగేళ్ళు లాగాను.

మావ జ్వరంతో పోయాడని కబురొచ్చినప్పుడు అమ్మా నేనూ గిరిసోల వెళ్ళాం. అమ్మ ఏడ్చింది గాని, ఏడుస్తూ కూడా, "మాట తప్పకపోతే నా దగ్గరే ఉందువు గదరా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపారు. మావ కూతురు తల దించుకుంది. ఆ పిల్ల తల దించుకోవడం చూశాకే ఇక నావల్ల కాలేదు. పదో రోజు కర్మ అయ్యి ఇంటికి వచ్చాక అమ్మని కూర్చోబెట్టి అంతా చెప్పాను. పాత్రపూర్ పొలాల దగ్గర్నుంచి మావ నాకు చేసిన సలాం దాకా ఏదీ దాచలేదు.

అమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఆడు బతికుండగా సెప్పుంటే, నాను నడిసెల్లైనా ఆడ్ని ఇంటికి తెచ్చుకుందును గదరా" అంది.

లేచి మొహం కడుక్కుంది. పెట్టె అడుగునుంచి మావ తెచ్చిన ఆ చీర తీసి కట్టుకుంది. ఎవరికైనా ఇచ్చేసి ఉంటుందనే నేను అనుకుంటూ వచ్చాను. తర్వాత వీధిలోకి వెళ్ళింది. మొదటి ఇంటి ముందు ఆగి ఆ ఇల్లాల్ని బయటికి పిలిచింది. తన తమ్ముడు మాట తప్పలేదని, తన కొడుకే మావని మావ కాదన్నాడని, ఆమెతో చెప్పింది. అక్కణ్ణించి రెండో ఇంటికి వెళ్ళింది. ఆ పైన మూడో ఇంటికి. ఏయే గుమ్మాల్లో కూర్చుని తమ్ముణ్ణి తిట్టిందో అన్ని గుమ్మాలకీ వెళ్ళింది. మా అరుగు మీదికి ఆమె గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. ఒక్కో ఇంటి ఆడవాళ్ళు బయటికొచ్చి మా ఇంటికేసి చూస్తున్నారు. నేను ఆమెని ఆపలేదు. తోడు వెళ్ళి ఆమె పక్కన నిలబడదామని రెండుసార్లు లేచాను. గుమ్మం దాటలేకపోయాను.